వగరుకు రెండు దారులు

(శ్రీకాళహస్తిలో కలంకారీ కళాకారులు, ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లోపలికి వస్తున్నప్పుడు గుమ్మం దగ్గర మీ చేతికి రెండు చిన్న పొట్లాలు ఇచ్చారు కదా, వాటిని విప్పండి. ఒకదానిలో కరక్కాయ పెచ్చు ఉంటుంది, రెండోదానిలో వక్క పలుకు. ముందు కరక్కాయ. నాలుక మీద పెట్టుకుని నెమ్మదిగా చప్పరించండి. వెనక వరుసలో పిల్లల మొహాలు చూస్తుంటే ఇక నేను మాట్లాడనక్కర్లేదేమో అనిపిస్తోంది. (నవ్వులు) ఇప్పుడు కాసిని నీళ్లు తాగి, వక్క పలుకు బుగ్గన పెట్టుకోండి.

రెండింటికీ మీ నోరు చెప్పిన మాట ఒకటే, వగరు. ఉగాది పచ్చడిలో ఈ వగరు కోసమే మామిడి పిందె వెతుక్కుంటాం. ఆరు రుచుల్లో దీన్నీ ఒకటిగా మన పెద్దలు లెక్కపెట్టారు. లెక్క తప్పని నేను అనను కానీ, వగరు అచ్చంగా రుచి కాదు, చాలావరకు స్పర్శ. చూడండి, కరక్కాయ చప్పరించినప్పుడు నాలుక ఒక్కటే కాదు, చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు కూడా బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. మన లాలాజలంలో జారుడుగా ఉండే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం వాటిలో మెండు. కరక్కాయలోని పదార్థం వాటిని పట్టుకుని ముద్ద కట్టించేస్తుంది. జారుడు పోయి నోరు గరుకు తేలుతుంది. ఆ గరుకుదనానికే వగరని పేరు పెట్టుకున్నాం.

ప్రోటీన్‌ను పట్టుకుని వదలని ఈ గుణం ఉన్న పదార్థాలే టానిన్లు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క నానబెట్టిన నీళ్లలో తోళ్లు ఊనేవారు చేసే పని కూడా ఇదే. చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను టానిన్ పట్టేస్తే ఇక సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టలేవు. మీ నోట్లో ఇప్పుడు జరిగింది అతి చిన్న ఎత్తున తోలు పదును చేయడమే. (నవ్వులు) భయపడకండి, లాలాజలం మళ్లీ ఊరుతుంది.

ఇక ఈ బల్ల మీదికి చూడండి. ఎడమవైపు గ్లాసులో కరక్కాయ నానబెట్టి వడకట్టిన నీళ్లు. కుడివైపు గ్లాసులో కాచు కరిగించిన నీళ్లు, కిళ్లీలో వేసుకునే కాచే, చండ్ర చెట్టు చేవను ఉడికించి తీసేది. రెండింటినీ బాగా పలచన చేశాను. ఈ సీసాలోది ఫెర్రిక్ క్లోరైడు, అంటే ఇనుము ఉన్న ద్రావణం. రెండు గ్లాసుల్లోనూ రెండేసి చుక్కలు వేస్తున్నాను. ఎడమది ఏమైంది? సిరాలాగా నీలి నలుపు. కుడిది? బాబూ, నువ్వు చెప్పు. ఆకుపచ్చ నలుపు, అవును, సరిగ్గా చూశావు. నాలుకకు రెండూ ఒకటే అయినా ఇనుముకు మాత్రం కావు. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఈ రెండు గ్లాసుల మధ్య తేడాలోనే ఉంది. మొక్క ఈ రెండింటినీ వేర్వేరు దారుల్లో, వేర్వేరు ఎంజైములతో తయారు చేస్తుంది.

దానికి ముందు ఒక చిన్న తగాదా తీర్చుకోవాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను తరగతిలో ఒక మాట చెప్పాను, పుస్తకంలో ఉంది కాబట్టి చెప్పాను. జంతువులు విసర్జించినట్టే మొక్కలు కూడా తమకు అక్కర్లేని వాటిని బెరడులో, ఆకుల్లో, కాయల్లో దాచి వదిలించుకుంటాయి, జిగురు, రెసిన్లు, టానిన్లు అలాంటివే అని. విసర్జన పాఠంలో ఇప్పటికీ టానిన్ పేరు కనిపిస్తుంది. ఇప్పుడు నాకు ఆ మాట మింగుడు పడదు. పది పదిహేను ఎంజైములను వరసగా నిలబెట్టి, ఒక్కో మెట్టుకు శక్తి ఖర్చు పెట్టి, చివరికి జాగ్రత్తగా ఒక గదిలో పెట్టి తాళం వేసేదాన్ని చెత్త అని ఎలా అంటాం? చెత్తకు ఎవరైనా ఇంత ముస్తాబు చేస్తారా?

సరే, మొదలు నుంచి వద్దాం. ఆకు ఎండలో చక్కెర తయారు చేస్తుందని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ చక్కెరలు విరిగినప్పుడు వచ్చే రెండు చిన్న ముక్కలు, ఒకటి మూడు కార్బన్లది, ఒకటి నాలుగు కార్బన్లది, కలవడంతో ఒక దారి మొదలవుతుంది. దాని పేరు షికిమేట్ దారి. షికిమి అనేది జపాన్‌లో ఒక చెట్టు, మన అనాస పువ్వుకు దగ్గరి చుట్టం, కాకపోతే విషపు చుట్టం. 1885లో దాని నుంచే షికిమిక్ ఆమ్లాన్ని వేరు చేశారు. ఈ దారిలో ఏడు మెట్లు ఉన్నాయి. అవి దాటాక ఇంకో మూడు అడుగులు వేస్తే ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం వస్తుంది. మన శరీరంలో ఈ దారి లేదు, అందుకే ఫినైల్‌అలనిన్ మనం తిండి ద్వారా తెచ్చుకోవాల్సిందే. రైతులు వాడే గ్లైఫోసేట్ గడ్డి మందు తెలుసు కదా, అది అడ్డుకునేది ఈ దారిలో ఆరో మెట్టునే. ఆ ఒక్క ఎంజైము ఆగితే గడ్డి మాడిపోతుంది. ఈ దారి మొక్కకు ఎంత ప్రాణప్రదమో దానివల్ల అర్థమవుతుంది.

ఇప్పుడు గమనించండి. కరక్కాయ టానిన్ ఈ దారిలో మూడో మెట్టు దాటగానే పక్కకు తిరుగుతుంది. కాచు, వక్కల టానిన్ చివరి దాకా నడిచి, ఫినైల్‌అలనిన్ అయ్యాక తిరుగుతుంది. ఊళ్లోకి వెళ్లే రోడ్డు ఒకటే, ఒకరు మొదటి సందులో మలుపు తిరిగారు, ఇంకొకరు చివరి సందులో.

మొదటి సందు చూద్దాం. మూడో మెట్టు దగ్గర డీహైడ్రోషికిమేట్ అనే అణువు ఉంటుంది. నాలుగో మెట్టు ఎంజైము షికిమేట్ డీహైడ్రోజనేజ్. మామూలుగా దాని పని ఆ అణువుకు రెండు హైడ్రోజన్లు ఇచ్చి ముందుకు పంపడం. అయితే ఇదే కుటుంబంలోని కొన్ని ఎంజైములు ఇవ్వడం మాని పుచ్చుకోవడం మొదలుపెడతాయి. అదే అణువు నుంచి రెండు హైడ్రోజన్లు లాగేస్తాయి. అంతే, అది గాలిక్ ఆమ్లం అయిపోతుంది. గాలిక్ ఆమ్లాన్ని 1786లోనే షీలే అనే స్వీడన్ రసాయనవేత్త మాచికాయల నుంచి తీశాడు. మన పచారీ కొట్లో దొరికే మాచికాయే అది. నిజానికి కాయ కాదు. ఓక్ చెట్టు కొమ్మ మీద చిన్న కందిరీగ లాంటి పురుగు గుడ్డు పెట్టిన చోట చెట్టు ఉబ్బి కట్టే బుడిపె. ఒక పదార్థాన్ని తీయడానికీ, చెట్టు దాన్ని ఎలా తయారు చేస్తుందో కనుక్కోవడానికీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా గడిచింది. ఈ ఎంజైముకూ గాలిక్ ఆమ్లానికీ ఉన్న నేరు సంబంధాన్ని అక్రోటు చెట్టులో చూపించింది 2011లో.

గాలిక్ ఆమ్లం ఒంటరిగా ఉంటే దాని పట్టు తక్కువ. ప్రోటీన్‌ను పట్టాలంటే చాలా చేతులు కావాలి. అందుకని మొక్క ఒక గ్లూకోజ్‌ను నడిమధ్య నిలబెట్టి, దానికి ఐదు వైపులా ఐదు గాలిక్ ముక్కలు తగిలిస్తుంది. ఈ కథను విప్పినవాడు జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయానికి చెందిన గేయోర్గ్ గ్రోస్. 1980లలో ఆయన బృందం ఓక్ ఆకులు, సుమాక్ అనే చెట్టు ఆకులు నూరి, అందులోని ఎంజైములను ఒక్కొక్కటిగా వేరు చేసి చూసింది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, కాస్త ఆగి చెబుతాను.

మొదటి గాలిక్ ముక్కను గ్లూకోజ్‌కు తగిలించడానికి మొక్క యూడీపీ-గ్లూకోజ్ అనే, ముందే శక్తి నింపి పెట్టిన గ్లూకోజ్‌ను వాడుతుంది. అలా వచ్చిన జంట పేరు గ్లూకోగాలిన్. ఇక రెండో ముక్క ఎక్కడి నుంచి రావాలి? కణంలో ఇలాంటి పనులకు సాధారణంగా కోఎంజైమ్-ఏ అనే మోతగాడు ఉంటాడు, అందరూ అతని కోసమే వెతికారు. కానీ ఇక్కడ మోతగాడు గ్లూకోగాలినే. ఒక గ్లూకోగాలిన్ తన గాలిక్ ముక్కను పక్కనున్న ఇంకో గ్లూకోగాలిన్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చినదాని దగ్గర ఒట్టి గ్లూకోజ్ మిగులుతుంది, అది మళ్లీ వాడకానికి వెళ్లిపోతుంది. పుచ్చుకున్నదాని దగ్గర రెండు ముక్కలు చేరాయి. ఇంకో గ్లూకోగాలిన్ వచ్చి మూడోది ఇస్తుంది. ఇలా ఒకే అణువు ఒక చోట ఇచ్చేది, ఒక చోట పుచ్చుకునేది. పెళ్లిలో ఇచ్చిపుచ్చుకోవడాలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. (నవ్వులు)

ఇంకో విశేషం, ఈ తగిలించడం ఎటు పడితే అటు జరగదు. గ్లూకోజ్ కార్బన్లకు అంకెలు వేస్తే ముందు ఒకటో చోట, తర్వాత ఆరు, తర్వాత రెండు, మూడు, చివరికి నాలుగు. ఆ వరస ఎంజైములది, తప్పదు. ఐదూ నిండితే పెంటాగాలాయిల్ గ్లూకోజ్. అణుభారం 940. మామూలు గ్లూకోజ్ 180 అని గుర్తుపెట్టుకుంటే ఎంత పెరిగిందో తెలుస్తుంది.

ఇక్కడి నుంచి మళ్లీ రెండు పాయలు. సుమాక్ చెట్టులో గాలిక్ మీద గాలిక్ ఎక్కించుకుంటూ పోతాయి ఎంజైములు. మన మామిడి జీడిలో ఉన్నదీ ఈ రకమే. రెండో పాయలో పక్కపక్కనున్న రెండు గాలిక్ ముక్కల చేతులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ముడివేసేది లాకేజ్ తరహా ఎంజైము. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని, ఆ రెండు ముక్కల నుంచి చెరొక హైడ్రోజన్ ఊడదీసి, రెండింటినీ నేరుగా అతికిస్తుంది. దీన్ని 2003లో గ్రోస్ బృందమే టెల్లిమా అనే ఉత్తర అమెరికా మొక్కలో పట్టుకుంది. ముడిపడ్డ ఆ జంట విడివడితే వచ్చేది ఎలాజిక్ ఆమ్లం, అందుకే వీటిని ఎలాజిటానిన్లు అంటారు. మీరు చప్పరించిన కరక్కాయ పెచ్చులోని చెబులాజిక్ ఆమ్లం ఈ ఇంటి బిడ్డే. చెబ్యులా అనేది కరక్క చెట్టు శాస్త్రీయ నామంలో భాగం, టెర్మినేలియా చెబ్యులా.

కళాకారులకు ఒక మాట. కరక పువ్వు అని పసుపు రంగు కోసం మీరు కొనేది కూడా పువ్వు కాదు, మాచికాయ లాంటిదే, పురుగు వల్ల ఆకు మీద వచ్చిన బుడిపె. పురుగు కుట్టిన చోట చెట్టు టానిన్‌ను ఎక్కువగా కుమ్మరిస్తుంది. విసర్జన పదార్థమైతే గాయం దగ్గరికే ఎందుకు పరుగెడుతుంది, చెప్పండి?

ఇక రెండో సందు, కాచు, వక్క, తంగేడు చెక్క వెళ్లే దారి. ఫినైల్‌అలనిన్ నుంచి ఎపికాటెచిన్ అనే ఇటుక దాకా పది ఎంజైములు ఉన్నాయి. పదింటినీ ఏకరువు పెట్టి మిమ్మల్ని నిద్రపుచ్చను. మొదటిది ఫినైల్‌అలనిన్ నుంచి అమ్మోనియాను ఊడబెరుకుతుంది. ఆ క్షణం నుంచి అది ప్రోటీన్లకు పనికిరాదు, ఇటే నడవాలి. నాలుగోది చాల్కోన్ సింథేజ్. మూడు చిన్న ముక్కలు తెచ్చి కలిపి, ఫినైల్‌అలనిన్‌తో వచ్చిన కార్బన్ల వలయానికి తోడుగా రెండో వలయం కడుతుంది. 1990లో అమెరికాలో పెటూనియా పూలను ఇంకా ముదురు రంగు చేద్దామని ఈ ఎంజైము జన్యువును అదనంగా చొప్పిస్తే, కొన్ని పూలు రంగు మొత్తం పోయి తెల్లగా వచ్చాయి. ఆ తికమక తర్వాత పెద్ద శాస్త్రానికి దారి తీసింది, అది వేరే సాయంత్రపు కథ.

మనకు కావలసిన మలుపు చివర్లో ఉంది. తొమ్మిదో ఎంజైము పని పూర్తయ్యేసరికి చేతిలో సయనిడిన్ ఉంటుంది, ఎర్రటి రంగు పదార్థం. దీనికి చక్కెర తగిలిస్తే మామిడి చిగురు ఎరుపు అవుతుంది. చక్కెర తగలకముందే పదో ఎంజైము పట్టుకుంటే రంగు లేని ఎపికాటెచిన్ అవుతుంది. ఒకే పదార్థం కోసం రంగు, వగరు పోటీ పడతాయి. ఈ పదో ఎంజైము ఎలా దొరికిందో వినండి. అరబిడాప్సిస్ అని ఆవ కుటుంబంలో ఒక గడ్డి మొక్క ఉంది, జన్యు శాస్త్రజ్ఞులకు అదే ప్రయోగశాల ఎలుక. దాని గింజ పొట్టు మామూలుగా గోధుమ రంగులో ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఒక మొక్క గింజలు లేతగా ఉన్నప్పుడే ఎర్రబడటం చూసి, ఆ రంగు తమ బన్యుల్స్ ద్రాక్షసారాయిలా ఉందని ఆ జన్యువుకు బన్యుల్స్ అని పేరు పెట్టారు. అది ఏ ఎంజైము తయారు చేస్తుందో 2003లో రిచర్డ్ డిక్సన్ అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. ఆ జన్యువును పొగాకు మొక్కలో పెట్టారు. గులాబీ రంగు పూలు వెలిసిపోయాయి, ఆ రేకుల్లో టానిన్ చేరింది. పదో ఎంజైము అంటే ఏమిటో ఇంతకంటే కళ్లకు కట్టేలా ఎవరు చూపిస్తారు?

ఇటుకలు వచ్చాయి, గోడ ఎవరు కడతారు? కాచులో ఉన్న కాటెచిన్ ఒంటరి ఇటుక. దాని పేరే కాచు నుంచి పుట్టింది. కానీ నిజమైన టానిన్ కావాలంటే ఈ ఇటుకలు నాలుగైదు నుంచి పదుల సంఖ్య దాకా గొలుసు కట్టాలి. ఆ గొలుసు కట్టే ఎంజైము కోసం దశాబ్దాలుగా వెతికారు. 2016లో డిక్సన్ బృందమే ఒక ఆధారం పట్టుకుంది. ఎపికాటెచిన్‌కు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తగులుకుని ఉన్న రూపం మొక్కలో ఉంది. సిస్టీన్ ఊడిన చోట ఇంకో ఇటుక వచ్చి అంటుకోగలదు, దానికి ఎంజైము సాయం కూడా అక్కర్లేదు. మరి గొలుసు ఎక్కడ ఆగుతుంది? ల్యూకోఆంథోసయనిడిన్ రిడక్టేజ్ అనే ఎంజైము ఆ సిస్టీన్ రూపాన్ని తిరిగి మామూలు ఎపికాటెచిన్‌గా మార్చేస్తూ ఉంటుంది. అలా అంటుకునే ఇటుకలు తగ్గుతాయి, గొలుసు పొట్టిగా ఉంటుంది. ఆ ఎంజైము లేని మొక్కల్లో నీళ్లలో కరగని టానిన్ పెరిగిపోయింది. అన్నాళ్లూ దాన్ని ఇటుకలు చేసే ఎంజైముగానే చూశారు, తీరా అది గొలుసు పొడవును అదుపులో పెట్టే మేస్త్రీ అని తేలింది.

ఇంత పట్టు ఉన్న పదార్థం సొంత కణంలోని ప్రోటీన్లనే పట్టేస్తే? అందుకే నేను ఇందాక తాళం అన్నాను. కణం మధ్యలో రిక్తిక అనే పెద్ద సంచి ఉంటుంది, టానిన్ ఉండేది అందులోనే. ఇటుకలను లోపలికి చేరవేసే ప్రోటీన్లు ఆ సంచి గోడలోనే ఉంటాయి. 2013లో ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధనలో, ఆకుపచ్చటి భాగాల్లో ఈ గొలుసు టానిన్లు పత్రహరితపు పొరల నుంచే చిన్న చిన్న పూసలుగా విడిపోయి, సంచిలోకి రవాణా అవుతాయని చూపించారు. ఆ పూసలకు టానోజోమ్ అని పేరు. పురుగు ఆకు కొరికిందంటే సంచి చిరుగుతుంది, టానిన్ బయటికి వచ్చి పురుగు తిన్న ప్రోటీన్‌నే పట్టేస్తుంది.

ఇవన్నీ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే మీట కూడా ఉంది. మూడు ప్రోటీన్లు చేయి చేయి కలిపితే ఈ ఎంజైముల జన్యువులు మేల్కొంటాయి. ముగ్గురిలో ఒకరు లేకపోయినా టానిన్ ఉండదు. జొన్నలో దీన్ని చూడవచ్చు. గింజ పొట్టు కింద టానిన్ ఉన్న జొన్న రకాలను పిట్టలు పెద్దగా ముట్టుకోవు. మనం రొట్టెకు వాడే తెల్ల జొన్నలో ఆ టానిన్ లేదు. ఎందుకు లేదో 2012లో తేలింది. టానిన్-1 అనే జన్యువు చెడిపోవడం అందుకు ఒక కారణం, అది ఆ మీటలోని మూడు ప్రోటీన్లలో ఒకదాన్ని తయారు చేసే జన్యువు. మెండెల్ 1866లో రాసిన బఠానీ ప్రయోగాల్లో తెల్ల పూల మొక్కలు గుర్తున్నాయా? వాటిలో చెడింది ఆ ముగ్గురిలోనే ఇంకొకరు, 2010లో గుర్తించారు. జొన్న రొట్టె తినే ప్రతిసారీ నాకు ఆ పిట్టలు గుర్తుకొస్తాయి. వగరు లేని గింజలు ఏరుకుని నాటుకుంటూ వచ్చింది మనమే, అది పిట్టలకూ నచ్చుతుందని అప్పుడు అనుకుని ఉండం.

ఏమైనా అడగదలచుకుంటే అడగండి.

(ముందు వరుసలో కూర్చున్న ఒక కలంకారీ కళాకారిణి: కరక్కాయతో పాటు మేం గేదెపాలు ఎందుకు కలుపుతామండీ? రంగు పాకకుండా ఉండటానికని మా పెద్దలు చెప్పారు.)

పెద్దలు చెప్పింది నిజమేనమ్మా, పాలలోని వెన్న నూలు పోగుల మధ్య చేరి రంగును పాకనివ్వదు. దానికి తోడు పాలలో కేసీన్ అనే ప్రోటీన్ ఉంది. మన లాలాజల ప్రోటీన్‌లాగే దానిలోనూ ప్రోలిన్ మెండు. కరక్కాయ టానిన్‌కు అదంటే ప్రీతి. ఒట్టి నూలును టానిన్ అంత గట్టిగా పట్టుకోలేదు. పాలు తోడైతే రెండూ కలిసి గుడ్డను పట్టుకుంటాయి. ఆ తర్వాత మీరు ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీత గీస్తారు. గీసేటప్పుడు లేతగా ఉన్న గీత గుడ్డను తాకి నల్లబడుతుంది. ఎడమ గ్లాసులో ఇందాక మీరు చూసిందే అది.

టీ తెచ్చినట్టున్నారు. మంచిదే, నేను చెప్పకుండా మిగిల్చింది అందులోనే ఉంది. తేయాకులో ఈ రెండు సందులూ మళ్లీ ఒక చోట కలుస్తాయి. చివరి సందు నుంచి వచ్చిన ఎపిగాలోకాటెచిన్ అనే ఇటుకకు, మొదటి సందు నుంచి గ్లూకోగాలిన్ మోసుకొచ్చిన గాలిక్ ముక్కను తగిలించే ఎంజైము ఒకటి తేయాకులో ఉంది, 2012లో దాన్ని శుద్ధి చేసి చూపించారు. టీలోని వగరుకు పెద్ద మూలం ఆ జంటే. వాళ్లు డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా తెచ్చారు, నేనే చెప్పి తెప్పించాను. మొదటి గుక్క పాలు పోయకుండా తాగండి, రెండోది పోసుకుని తాగండి. పాలు పోశాక వగరు ఎక్కడికి పోయిందో ఇప్పుడు ఆ అమ్మను అడిగినా చెబుతుంది.